గుర్తుల బండ మీద మూడు చుక్కలు

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవి నడిమధ్యలో ఒక పెద్ద నల్లబండ నిలువుగా లేచి ఉండేది. దాన్ని అందరూ గుర్తుల బండ అనేవారు. ఆ బండ కింద బొరియలో ఒక అలుగు ఒంటరిగా కాపురముండేవాడు. అలుగు అంటే తెలుసు కదా? ఒళ్లంతా పొలుసులు, పొడుగాటి తోక, పారల్లాంటి గోళ్లు. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, ఉండ చుట్టుకుపోతుంది. అందుకే అతనికి చుట్టయ్య అని పేరు పెట్టారు.

ఆ బండ కథేమిటో ముందు చెప్పాలి. ఆ అడవిలో ఒక్కొక్కరిదీ ఒక్కో పని. ఎలుగుబంటి గుబురన్న తేనె పిండేవాడు. ఉడుత సారపప్పు ఒలిచేది. గిజిగాడు గూళ్లు అల్లి ఇచ్చేవాడు. ఎవరి సరుకు వాళ్లు మోదుగాకులో చుట్టి, ఆకు మీద తమ గుర్తు గీసేవారు. గుబురన్న గుర్తు అయిదు గోళ్ల గాట్లు. ఉడుత గుర్తు మూడు చారలు. ఆ గుర్తునే చుట్టయ్య బండ మీద గోళ్లతో చెక్కేవాడు. గుర్తు కింద ఒక తోక గీత కూడా గీసేవాడు. ఆ గీత ఎటు చూపిస్తే అటు వెళ్లాలి. గీత పొడుగ్గా ఉంటే దూరం, పొట్టిగా ఉంటే దగ్గర. కొత్తగా వచ్చిన వాళ్లయినా, దారి మరిచిన వాళ్లయినా బండ ముందు నిలబడి, కావలసిన గుర్తు చూసుకుని, తోక గీత పట్టుకుని వెళ్లిపోయేవారు.

అందరూ అలా వెళ్లిపోయేవారు. అదే చుట్టయ్య బాధ.

వచ్చిన వాళ్లు బండను చూసేవారు. గుర్తును చూసేవారు. అది చెక్కిన వాణ్ణి మాత్రం ఎవరూ చూసేవారు కాదు. తప్పు వాళ్లదే అనడానికీ లేదు. ఆకు కదిలితే ముడుచుకుపోయే వాడితో ఎవరు మాట్లాడతారు? ముడుచుకున్నవాడు మళ్లీ విచ్చుకుని, గొంతు సవరించుకుని, "ఏమండీ, బాగున్నారా?" అనేసరికి ఎదుట ఎవరూ ఉండేవారు కాదు. చుట్టయ్య ఎన్నిసార్లు ఖాళీ గాలిని పలకరించాడో లెక్కలేదు.

అందుకని అతను ఒక అలవాటు చేసుకున్నాడు. రోజూ పొద్దున్నే బండ ముందు మెత్తని ఇసుక పరిచి, తోకతో చదును చేసేవాడు. సాయంత్రం వచ్చి ఇసుకలో పడ్డ అడుగులు చదువుకునేవాడు.

"ఓహో, కుందేలు వచ్చింది. ఎడమకాలు కాస్త ఈడుస్తోంది, ముల్లు గుచ్చుకున్నట్టుంది. గుబురన్న బాగా లావయ్యాడు, అడుగు లోతుగా దిగింది." ఇలా తనలో తనే మాట్లాడుకునేవాడు. అతనికున్న చుట్టపక్కాలు ఆ అడుగులే. ఒక్కోరోజు ఒక్క అడుగూ ఉండేది కాదు. ఆ రోజు చదును ఇసుకను కాసేపు చూసి, ఏమీ తినకుండానే బొరియలోకి వెళ్లి పడుకునేవాడు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలంలో బండ నిండిపోయింది. చుట్టయ్య నిలబడి చెయ్యి చాస్తే అందేంత మేరకే కదా చెక్కగలడు. ఆ మేరంతా గుర్తులే. కొత్త గుర్తుల వాళ్లు వరస కట్టారు. "నాది వెయ్యి, నాది వెయ్యి" అని ఒకటే గోల.

అడవికి పెద్ద అడవిదున్న. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన వచ్చి, బండను ఒకసారి ఎగాదిగా చూసి అన్నాడు.

"చూడు చుట్టయ్యా, అందరివీ పట్టవు. పేరున్న గుర్తులు ఉంచు. పేరు లేనివి తీసెయ్యి. తొలకరి పడే లోపు తేల్చెయ్యాలి."

"పేరుందో లేదో ఎలా కొలిచేది పెద్దాయనా?" అని చుట్టయ్య అడిగాడు.

"అది నీ పని. బండ నీది, గోళ్లు నీవి, కొలత కూడా నువ్వే ఎంచుకో" అని పెద్దాయన తల తిప్పుకుని వెళ్లిపోయాడు. పెద్దవాళ్లకు అదొక సౌకర్యం.

చుట్టయ్య ఆలోచించాడు. ముందు మాటలు కొలిచి చూద్దామనుకున్నాడు. ఎవరి పేరు ఎక్కువమంది అంటే వాళ్లదే పేరున్న గుర్తు. పొద్దున్నే వెళ్లి నీళ్లరేవు పక్క పొదలో కూర్చున్నాడు. పేరు వినబడినప్పుడల్లా ఒక గులకరాయి పక్కన పెట్టాడు. మధ్యాహ్నానికి ఇంత రాళ్ల కుప్ప తేలింది. తీరా తల పైకెత్తి చూస్తే అన్నీ గోరింకలే! ఒక గోరింక "తళుకు నూనె" అంటే తక్కిన నలభై గోరింకలూ "తళుకు నూనె, తళుకు నూనె" అని అరుస్తున్నాయి. వాటిలో ఒక్కటీ ఒంటికి రాసుకునే ఆ నూనె మొహం చూసింది కాదు.

"ఈ కొలత పనికిరాదు" అని చుట్టయ్య లేచి వచ్చేశాడు.

తర్వాత ఆకులు లెక్కపెట్టి చూద్దామనుకున్నాడు. దారిలో ఎవరి గుర్తున్న ఆకులు ఎక్కువ పడి ఉంటే వాళ్ల సరుకు ఎక్కువమంది వాడుతున్నట్టే కదా. రెండు రోజులు తిరిగి ఆకులు పోగేశాడు. తళుకు నూనె ఆకులు మోపెడు దొరికాయి. గిజిగాడి ఆకు ఒక్కటీ దొరకలేదు. చుట్టయ్య తల గోక్కున్నాడు. నూనె పూసుకుంటే పూటలో ఆరిపోతుంది, మళ్లీ కావాలి. గూడు ఒకసారి తీసుకుంటే ఏళ్లు ఉంటుంది. మరి పూటపూటకీ ఆకు పారేసినంత మాత్రాన నూనె గూడుకంటే గొప్పదైపోతుందా? ఈ కొలతా నచ్చలేదు.

ఇంతవరకూ చుట్టయ్య బాగానే ఆలోచించాడు. మెచ్చుకోవాలి.

మూడో రోజు సాయంత్రం ఇసుక ముందు కూర్చున్నాడు. ఆ రోజు రెండే రెండు అడుగుల జాడలు. అవి చూస్తుంటే అతనికి ఒక ఊహ వచ్చింది. ఎవరి గుర్తు ముందు ఎక్కువ అడుగులు పడితే వాళ్లకే పేరున్నట్టు అని చాటిస్తే? కొలత సరైనదా కాదా అని అతను తనను తాను అడగలేదు. ఇంకొకటే తోచింది. అలా చాటిస్తే అందరూ ఇక్కడికి వస్తారు. రోజూ వస్తారు. బండ ముందు నిలబడతారు.

మర్నాడే చాటించాడు. "తొలకరి దాకా ఇసుకలో అడుగులు లెక్కపెడతాను. ఎక్కువ అడుగులు పడ్డ గుర్తు బండ మీద ఉంటుంది."

ఇంకేముంది, జాతరే! తళుకు నూనె చేసేది ఒక నక్క. ఇప్పగింజలు గానుగాడించి తీసిన నూనె. ఒంటికి రాసుకుంటే వెంట్రుకలు మిలమిలా మెరుస్తాయి. ఆ నక్క పేరు తళుకయ్య. అతను బండ పక్కనే ఒక బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. బుట్ట నిండా ఇప్పపూల ఉండలు. తన గుర్తు ముందు వచ్చి నిలబడ్డ వాళ్లకల్లా ఒక ఉండ చేతిలో పెట్టేవాడు. జింకలు వచ్చాయి. కోతులు వచ్చాయి. అడవిపందులు పిల్లాపాపలతో వచ్చి, ఒక ఉండ తిని, అటు తిరిగి మళ్లీ ఇటు వచ్చాయి.

"మామా! ఎంత సందడిగా ఉందో చూశావా నీ ఇల్లు?" అన్నాడు తళుకయ్య. చుట్టయ్యను మామా అని పిలిచిన వాళ్లు అంతవరకూ లేరు.

"సందడిగానే ఉంది" అన్నాడు చుట్టయ్య. ముడుచుకుందామనుకున్నాడు గానీ ముడుచుకోలేదు. అతనికి ఉండల బుట్ట కనబడింది. కనబడలేదని తనకు తానే చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోని సంగతి కళ్లకు ఎదురుగా ఉన్నా కనబడదు. ఎప్పుడైనా గమనించారా?

నలభై రోజులు అలా గడిచాయి. రోజూ సాయంత్రం చుట్టయ్య ఇసుక చదివేవాడు. ఇసుకంతా అడుగులే, ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎవరిదో తెలియకుండా. కుందేలు కాలు నయమైందో లేదో అందులో కనబడటం లేదు. అయినా అతనికి కడుపు నిండినట్టుండేది. పలకరింపులంటారా? అవి ఎప్పటిలాగే లేవు. వచ్చిన వాళ్లు ఉండ తీసుకుని, నములుతూ వెళ్లిపోయేవారు.

మబ్బులు పట్టాయి. తేల్చాల్సిన రోజు వచ్చింది. తళుకయ్య గుర్తు చుట్టూ కిరణాలున్న సూర్యుడు. అది అప్పటిదాకా ఒక మూల చిన్నగా గీసి ఉంది.

"మామా, ఎవరికెక్కువ అడుగులు పడ్డాయో నీకే తెలుసు. నాది నడిమధ్యన, కంటికి ఎదురుగా, పెద్దగా చెక్కు. అది చూడటానికి రోజూ జనం వస్తారు. నీకూ కాలక్షేపం" అన్నాడు తళుకయ్య.

నడిమధ్యన నాలుగు చిన్న గుర్తులున్నాయి. నలభై రోజుల్లో వాటి ముందు ఒక్క అడుగూ పడలేదు. చుట్టయ్య గరుకురాయి తీసుకున్నాడు. మొదటిది ఒక ముసలి కణుజు దుప్పిది, అది పోయి చాలా కాలమైంది. దాన్ని అరగదీశాడు. రెండోవాళ్లూ మూడోవాళ్లూ అడవి విడిచి వెళ్లిపోయారు. వాటినీ అరగదీశాడు. నాలుగో దాని దగ్గర అతని చెయ్యి ఆగింది.

మూడు చుక్కలు, కింద ఒక వంకర గీత. అది మడుగవ్వ గుర్తు.

మడుగవ్వ ఒక ముసలి తాబేలు. ఎక్కడో మడుగు ఒడ్డున ఉంటూ, అక్కడ మొలిచే ఒక దుంపతో గొంతుమందు చేస్తుంది. ఎప్పుడో ఏళ్ల కిందట గుర్తు చెక్కించుకోవడానికి వచ్చింది. అందరిలా చెక్కగానే వెళ్లిపోలేదు. చుట్టయ్య ఉండ చుట్టుకుపోతే, పక్కనే కూర్చుని తను కూడా తల డిప్పలోకి లాక్కుంది. అలా ఇద్దరూ చాలాసేపు ముడుచుకునే ఉన్నారు. కాసేపటికి డిప్పలోంచి మాట వినిపించింది.

"నాయనా, పొద్దున్నించీ గీకుతూనే ఉన్నావు. ఏమైనా తిన్నావా?"

చుట్టయ్యను ఆ మాట అడిగింది అతని జన్మలో ఇద్దరే. ఒకరు వాళ్లమ్మ. రెండోది మడుగవ్వ.

చెయ్యి బండ మీదే ఉంది. 'అవ్వ మళ్లీ ఎప్పుడూ రాలేదు. నన్ను మరిచిపోయే ఉంటుంది. మందు కోసం కూడా ఎవరూ రాలేదు. నలభై రోజులు చూశానుగా' అనుకున్నాడు. వెనక తళుకయ్య దగ్గాడు. కోతులు ఎదురు చూస్తున్నాయి. చుట్టయ్య కళ్లు మూసుకుని రాయి ఆడించాడు. చుక్కలు పోయాయి. వంకర గీత పోయింది. దారి చూపే తోక గీతా పోయింది. అక్కడ ఒక గుంట మిగిలింది.

దాని మీద పెద్ద సూర్యుడు చెక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో రోజు తొలకరి పడింది.

వానకు ఇసుక కొట్టుకుపోయింది. ఇప్పపూల ఉండల బుట్ట తడిసిపోతుందని తళుకయ్య ఇంటికి పట్టుకుపోయాడు. బుట్ట పోయాక ఒక్క కోతి రాలేదు, ఒక్క పంది రాలేదు. సూర్యుణ్ణి చూడటానికి వస్తారన్న జనం ఎక్కడా లేరు. చుట్టయ్య బొరియ అంచున కూర్చుని వానను చూశాడు. అంతకుముందు కూడా ఒంటరివాడే. కానీ ఇప్పుడు నలభై రోజుల సందడి చూసిన ఒంటరివాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

అయిదో రోజు మధ్యాహ్నం వానలో ఒక కొత్త జింక వచ్చింది. పక్కన ఒక చిన్న పిల్ల. పిల్ల మెడ ఇంత లావున వాచి ఉంది. నోరు తెరిచి గాలి పీల్చుకోవడానికి తంటాలు పడుతోంది. తొలకరి నీళ్లతో వచ్చే గొంతువాపు అది. ఎండాకాలం ఎవరికీ రాదు. వానలు మొదలయ్యాకే వస్తుంది.

జింక బండంతా వెతికింది. పైనుంచి కిందికి, ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది. మళ్లీ మొదటినుంచీ చూసింది.

"అన్నా! ఈ అడవికి మేం కొత్త. దార్లో ఉడుము చెప్పింది. మూడు చుక్కల గుర్తు చూసుకుని, తోక గీత పట్టుకుని పరిగెత్తమంది. నాకు కనబడటం లేదు. నువ్వు కాస్త చూసి పెట్టవా?" అంది జింక. 

చుట్టయ్య దారి ఎటో చెబుదామని నోరు తెరిచాడు. ఏం చెబుతాడు? చెక్కింది అతనే గానీ అటువైపు ఎన్నడూ వెళ్లలేదు. ఏళ్ల కిందటి తోక గీత ఎటు చూపించిందో గుర్తు లేదు, చెరిపేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. దారి ఒక్క బండకే తెలుసు. బండ మీద ఇప్పుడు సూర్యుడున్నాడు.

"నువ్వు పిల్లను తీసుకుని నా బొరియలోకి వెళ్లమ్మా. పొడిగా ఉంటుంది. నేను వెతికి తెస్తాను" అన్నాడు. 

బండ విడిచి ఎన్నడూ దూరం పోని చుట్టయ్య వానలో పడి నడిచాడు. ముందు ఎలుగుబంటి గుహకు వెళ్లాడు.

"గుబురన్నా! మూడు చుక్కల గుర్తు తెలుసా?"

"తెలియకపోవడమేంటయ్యా? మా చిన్నోడు బతికింది దానివల్లే" అని గుబురన్న లోపలికి వెళ్లి, రాతిసందులోంచి ఒక ఎండిపోయిన ఆకు తెచ్చాడు. ఆకు మీద మూడు చుక్కలు, వంకర గీత. "మందు అయిపోయినా ఆకు పారేయ బుద్ధి కాలేదు. ఏడేళ్లుగా దాచుకున్నాం."

"మరి ఒక్కసారైనా ఎవరితోనూ అనలేదే!"

"పిల్లవాడు చావు దాకా వెళ్లొచ్చిన సంగతి రేవులో కూర్చుని చెప్పుకుంటామా?"

"దారి చెప్పన్నా."

గుబురన్న తెల్లబోయాడు. "పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఏడుస్తూ పరిగెత్తాను. వాగు దాటినట్టు మాత్రం గుర్తు. అయినా నన్నడుగుతావేంటి? దారి నీ బండ మీదే ఉంది కదా!"

చుట్టయ్య తల దించుకుని అక్కణ్ణుంచి ఉడుత తొర్రకు వెళ్లాడు. ఉడుత కూడా పప్పుల కింద దాచిన ఎండుటాకు తీసి చూపించింది. దాని మీదా మూడు చుక్కలే. "మా ఇంట్లోనే కాదు మామయ్యా, ఈ చెట్టు మీద ప్రతి తొర్రలోనూ ఉంటుంది ఈ ఆకు. దారంటావా, వాగు దాటాక పైకి తిరగాలి. ఆ తర్వాత తెలీదు. బండ మీద చూసుకోలేదూ?" అంది.

బండ మీద చూసుకోలేదూ! ఆ మాట చుట్టయ్యకు పొలుసుల సందుల్లో ముల్లులా దిగింది. అతను నలభై రోజులు ఇసుక చూశాడు. ఇంటి లోపల ఏం దాచుకున్నారో చూడలేదు.

చివరికి గిజిగాడు దారి చెప్పాడు. అతని గూడు మెత్తల మధ్య కూడా ఒక ఆకు ముక్క ఉంది. "నాకు పైనుంచి కనబడుతుంది కదా. వాగు వెంబడి పైకి పో. తుంగ పొదల వెనకాల మడుగు. కానీ చుట్టయ్యా, నాలుగు రోజుల నుంచీ అక్కడ ఎవరూ కదలడం లేదు."

చుట్టయ్య పరుగు లాంటి నడక నడిచాడు. తుంగ పొదలు చీల్చుకుని చూస్తే మడుగు ఒడ్డు ఖాళీ. నూరే రాయి కడిగి బోర్లించి ఉంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లే అలా బోర్లిస్తారు. చుట్టయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఏడుస్తుంటే జిగట బురదలో లోతుగా దిగిన ఒక జాడ కనబడింది. నాలుగు చిన్న అడుగులు, మధ్యలో డిప్ప ఈడ్చిన చార. అడుగులు చదవడం కంటే అతనికి బాగా వచ్చిన పని ఇంకొకటి లేదు. జాడ వెంట బయల్దేరాడు. తాబేలు కదా, నాలుగు రోజుల కిందట బయల్దేరినా ఎంత దూరం పోయుంటుంది? తెల్లవారేసరికి ఒక మద్దిచెట్టు కింద మడుగవ్వ కనబడింది. పక్కన తుంగపోచలతో కట్టిన చిన్న దుంపల మూట.

"అవ్వా!" అని చుట్టయ్య పిలిచాడు.

మడుగవ్వ మెడ సాచి చూసింది. "బండ దగ్గరి అబ్బాయివా? ఇంత వానలో ఏమిటిలా?"

"నువ్వెక్కడికి వెళ్తున్నావవ్వా?"

"ఏమో నాయనా, కింద ఏరుందంటారు, అటు. నా గుర్తు తీసేశారని గోరింకలు చెప్పాయి. నా మందు ఎవరికీ అక్కర్లేనప్పుడు ఆ మడుగులో ఒక్కదాన్నే కూర్చుని ఏం చెయ్యను?"

"తీసింది నేనే అవ్వా" అన్నాడు చుట్టయ్య. "నువ్వు మళ్లీ రాలేదు కదా, మరిచిపోయావనుకున్నాను."

"మరవడమా? ఏటా నిన్ను చూద్దామనే బయల్దేరేదాన్ని. సగం దారి రాకముందే ఎవరో ఒకరు గొంతు వాచిన పిల్లను పట్టుకుని ఎదురొచ్చేవాళ్లు. వెనక్కి తిరిగేదాన్ని. నా నడక నీకు తెలుసు కదా."

చుట్టయ్య జింకపిల్ల సంగతి చెప్పాడు. మడుగవ్వ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా మూట నోట కరుచుకుంది. అలుగు తల్లులు పిల్లల్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతాయి. చుట్టయ్యను కూడా వాళ్లమ్మ అలాగే మోసింది. ఇప్పుడు చుట్టయ్య మడుగవ్వను తోక మీద ఎక్కించుకుని, వచ్చిన దారంతా వెనక్కి నడిచాడు.

బండ చేరేసరికి మధ్యాహ్నమైంది. పిల్ల ఇంకా ఊపిరి తీస్తోంది. మడుగవ్వ బండ అంచు మీదే దుంప నూరి, ముద్ద నాలుక కింద పెట్టింది. సాయంత్రానికి వాపు దిగింది. పిల్ల లేచి నిలబడింది. తల్లిని చూసి నోరు తెరిచింది. అరుపు రాలేదు. మళ్లీ తెరిచింది. రాలేదు.

మడుగవ్వ మెల్లిగా అంది. "ప్రాణానికి భయం లేదమ్మా. గొంతు మాత్రం పోయింది. నిన్న ఈ వేళకు అందితే అదీ దక్కేది."

చుట్టయ్య జింక ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ముడుచుకోలేదు. "అమ్మా, గుర్తు ఇక్కడే ఉండేది. నేనే చెరిపాను" అన్నాడు.

"నాకు తెలుసన్నా" అంది జింక. "నువ్వు వెళ్లాక మళ్లీ చూశాను. సూర్యుడి కింద గుంట ఉంది. అక్కడ ఏదో ఉండేదని తెలుస్తూనే ఉంది." అంతే అని, పిల్లను నాకుతూ ఉండిపోయింది. తిట్టి ఉంటే చుట్టయ్యకు కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు చుట్టయ్య సూర్యుణ్ణి అరగదీసి, అదే గుంటలో మూడు చుక్కలు మళ్లీ చెక్కాడు. ముందుకంటే లోతుగా చెక్కాడు. తోక గీత కూడా గీశాడు. ఈసారి దారి బండతో పాటు అతనికీ తెలుసు. మడుగవ్వను మళ్లీ తోక మీద ఎక్కించుకుని మడుగు దగ్గర దింపి, బోర్లించిన రాయిని తిరగేసి వచ్చాడు.

తళుకయ్య గోల చేశాడు. "మామా, ఇదన్యాయం! అడుగులు లెక్కపెట్టి చూసుకో!"

"అడుగులు లెక్కపెట్టను. ఇకనుంచి ఏటా వానలు వెలిశాక ఇంటింటికీ వస్తాను. సరుకు అయిపోయినా పారేయకుండా మీరు దాచుకున్న ఆకు ఏదని అడుగుతాను. అదే కొలత" అన్నాడు చుట్టయ్య.

అన్నట్టే చేశాడు. ఆ ఏడు తళుకు నూనె ఆకు ఎవరింట్లోనూ లేదు, ఒక్క నెమలి దగ్గర తప్ప. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా. ఆ ఒక్క నెమలి కోసం బండ చివర వేలెడంత సూర్యుణ్ణి చెక్కాడు. తళుకయ్య మూతి ముడుచుకున్నాడు గానీ కాదనలేకపోయాడు. ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు కొందరు చుట్టయ్యను కూర్చోమన్నారు. కొందరు ఆకు చూపించి తలుపు వేసుకున్నారు. ఒంటరితనం ఒక్క ఏడాదిలో పోయే జబ్బు కాదు.

ఇప్పటికీ చుట్టయ్య పొద్దున్నే ఇసుక పరుస్తాడు. సాయంత్రం చూస్తే చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అప్పుడప్పుడు మాత్రం జింకపిల్ల వచ్చి పక్కన నిలబడుతుంది. గొంతు లేక అది పిలవలేదు, కాబట్టి ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. తల తిప్పి చూసుకోవాల్సిందే. చూసుకోవడం అతను నేర్చుకున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. చీకటి పడే ముందు పిల్ల తల్లి దగ్గరికి వెళ్లిపోతుంది. మర్నాడు చుట్టయ్య తోకతో ఇసుకంతా చదును చేస్తాడు. ఆ నాలుగు చిన్న గిట్టల గుర్తులను మాత్రం చెరపడు.

నీతి: దేని ముందు ఎంత గుంపు చేరిందని కాదు, అది లేనినాడు ఎవరి ప్రాణం విలవిల్లాడుతుందో చూసి దాని విలువ కట్టాలి.